చైత్ర అమావాస్యకు నాక్సోస్

మా ప్రయాణానికి మూలం ఒక విరిగిన చక్రం.

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో మాది పెట్టెల దుకాణం. మా నాయన హయాంలో మిలిటరీ వాళ్ళకు ఇనుప ట్రంకు పెట్టెలు అమ్మేవాళ్ళం. నా హయాం వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఊళ్ళో సగం మంది విమానాలెక్కుతున్నారు, మనిషికి రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక చిన్నది. ఎన్ని కిలోలు దాటితే ఎయిర్‌పోర్టులో విప్పిస్తారో, ఏ జేబులో పాస్‌పోర్టు పెట్టాలో వాళ్ళకు చెప్పి పంపింది నేనే. అప్పటికి నేను తిరుపతి, మా అత్తగారి ఊరు దాటి వెళ్ళిన మనిషిని కాను. వంట రాని హోటలు ఓనరు ఎలాగో, నేనూ అలాగే.

ఒక శనివారం మధ్యాహ్నం, కొత్తగా పెళ్ళయిన కస్టమర్ ఒకతను వచ్చి సూట్‌కేసును కౌంటర్ మీద పెట్టాడు.

“ఏందన్నా ఇది, ఒక్క ట్రిప్పుకే చక్రం ఊడింది.”

“ఏ రాళ్ళ మీద గుంజినవ్ తమ్మీ?”

అతను చిన్న డిజిటల్ కెమెరా తీసి చూపించాడు. తెల్లటి ఇళ్ళు, రాళ్ళు పరిచిన సందులు, మెట్లు, ఆ మెట్ల చివర నీలంగా సముద్రం. గ్రీసు దేశంలో నాక్సోస్ అనే ద్వీపమట. హనీమూన్‌కు పోయారట. “గిసుంటి మెట్ల మీద గుంజితే మా నాయన అమ్మిన ట్రంకు పెట్టె సుత ఆగదు” అని వాదించి, ఉచితంగా మార్చాల్సిన చక్రానికి సగం డబ్బులు రాబట్టి, గెలిచానన్న సంతోషంలో ఉన్నాను. క్యారేజీ తెచ్చిన మా ఆవిడ సుగుణ మాత్రం ఆ కెమెరా ఇంకా తిరిగి ఇవ్వలేదు.

అతను వెళ్ళాక అంది: “ఏవండీ, అమ్మని అక్కడికి తీసుకెళ్దాం.”

నవ్వబోయి ఆగాను. సుగుణ మొహంలో నవ్వు లేదు.

సుగుణ వాళ్ళది భీమిలి. మా మామగారు అక్కడ తాళ్ళ దుకాణం నడిపేవారు, పడవల వాళ్ళకు. ఇంటి గుమ్మంలో నిలబడితే సముద్రం కనిపించేది. ఆయన పోయాక మా బావమరిది ఆ ఇల్లు అమ్మేసి, యాప్రాల్‌లో ఫ్లాటు కొని, తల్లిని తీసుకొచ్చాడు. ఆవిడ సంతకం పెట్టింది, వచ్చింది. అది మొదలు నాలుగేళ్ళు భీమిలి పేరెత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేది. మాటలో ఎవరికీ లొంగని మనిషి, రోజుకు పది మాటలకు దిగిపోయింది. మూడో అంతస్తు బాల్కనీలో గోడకేసి కూర్చునేది.

“ఆవిడ ఒక్కసారి సముద్రంలో మునిగితే మళ్ళీ మామూలు మనిషవుతుందండి” అంది సుగుణ. “భీమిలి రానంటోంది. వైజాగ్ అన్నా, పూరీ అన్నా దారిలో భీమిలి గుర్తొస్తుందంటోంది. అసలు ఏ జ్ఞాపకమూ లేని సముద్రం కావాలి.”

జ్ఞాపకం లేని సముద్రానికి మనిషికి ఎంతవుతుందో కనుక్కోవడం నా వంతు.

మర్నాడు ఆదివారం ఉదయం పది గంటలకు యాప్రాల్ వెళ్ళాం. మా అత్తమ్మ పేరు నూకరత్నం. విషయం విని నన్ను ఎగాదిగా చూసింది.

“సముద్రం సూడ్డానికి ఇమానమెక్కాలేటి బాబూ?”

“మన దిక్కు సముద్రాలు మీరే వద్దంటిరి గద అత్తమ్మా.”

ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది అనుకున్నాను. పావుగంటకు పంచాంగం పట్టుకుని బయటికి వచ్చింది.

“సముద్రాన్ని ఊరికినే ముట్టుకోకూడదు. అమాసకో, పున్నానికో. ఆ రోజు పడేలాగైతే ఒస్తాను.”

ఇది వాళ్ళింటి పట్టింపు. గుమ్మంలోంచి సముద్రం కనిపిస్తున్నా ఆవిడ నెలకు రెండుసార్లే నీళ్ళలో దిగేది. మిగతా రోజుల్లో అలకు అందకుండా ఒడ్డున నడిచేది. సుగుణ మారేడ్‌పల్లిలో ఒక స్కూల్లో టీచరు. ఏప్రిల్ నాలుగో వారానికి స్కూలు మూస్తారు. చైత్ర అమావాస్య ఆ వారంలోనే గురువారం వచ్చింది. సాయంత్రం ఐదూ ఇరవై దాకా ఉందని అత్తమ్మ వేలు పెట్టి చూపించింది. ఎండాకాలం, సెలవులు, అమావాస్య మూడూ ఒక్కచోట కుదిరాయి. ఇంతకంటే మంచి బేరం ఉండదనుకున్నాను.

సోమవారం సాయంత్రం ప్యారడైజ్ దగ్గర ట్రావెల్ ఏజెంటు నదీమ్ ఆఫీసుకు వెళ్ళాను. అతను నా దగ్గరే సూట్‌కేసులు కొనేవాడు కాబట్టి ఎంతవరకు తగ్గుతాడో నాకు తెలుసు.

“అన్నా, ఏప్రిల్ అంటే టికెట్టు, వీసా, రూము అడ్వాన్సు కలిపి మనిషికి నలభై ఎనిమిది వేలు. జూలై అంటే డెబ్బై దాటుతది. కానీ నా మాట ఇనుండ్రి, జూలైల పొండ్రి. ఏప్రిల్ల ఆడ సీజన్ షురూ కాదు.”

నాకు నవ్వొచ్చింది. సీజన్ అనే మాట చెప్పి నేను ఎంతమంది చేత రెండో సూట్‌కేసు కొనిపించలేదు?

“నదీమ్ భాయ్, నాకే సీజన్ చెప్తున్నవా? ఎండాకాలం ఏప్రిల్ల గాక జూలైల ఉంటదా? జూలైల వానలు గద.”

“ఆడ వానలు ఉండవన్నా. జెర సోంచాయించుండ్రి...”

“నలభై రెండు.”

“రేటు కోసం చెప్తలేనన్నా నేను.”

“నలభై రెండు చెప్పిన.”

అతను నన్ను అదోరకంగా చూసి, సరేనని రాసుకున్నాడు. ఆ చూపును ఓటమి అనుకున్నాను. జాలి అని తర్వాత తెలిసింది. ఎదుటివాడు నిజం చెబుతున్నప్పుడు నమ్మడం మా బజార్లో ఎవరూ నేర్పలేదు.

ముగ్గురి పాస్‌పోర్టులకూ ఐదు వారాలు పట్టింది. విచారణకు వచ్చిన పోలీసాయన “విదేశాలకు ఎందుకమ్మా?” అని అడిగితే, అత్తమ్మ “తానం చెయ్యడానికి” అందట. ఆయన పెన్ను ఆపి, మళ్ళీ అడిగి, ‘టూరిజం’ అని రాసుకున్నాడు. కాగితాలు ఢిల్లీకి వెళ్ళి వీసాలు అంటించుకుని వచ్చాయి. ఇక పెట్టెలు. మూడు కొత్తవి తీసుకొచ్చి, జీవితంలో మొదటిసారి మా సరుకులో మా బట్టలు సర్దాను. నూలు చీరలు, చొక్కాలు, చలవ కళ్ళద్దాలు, నాకొక పూల నిక్కరు. ఒక్క స్వెట్టరు లేదు. చిన్న రైస్ కుక్కరు, ఐదు కిలోల బియ్యం, కందిపొడి అత్తమ్మ పెట్టెలో చేరాయి.

మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకు విమానం. అప్పట్లో ఎయిర్‌పోర్టు బేగంపేటలోనే ఉండేది. మారేడ్‌పల్లిలో మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళామంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మూడు పెట్టెలు, ముగ్గురు మనుషులు, ఒకే ఆటో. ఒకదాన్ని నేను ఒళ్ళో పెట్టుకున్నాను. దింపి డబ్బులు తీసుకుంటూ డ్రైవరు, “అంత దూరం పోతున్నరు, నా కాడ పది రూపాయలకు గింత లొల్లా సేటూ?” అన్నాడు. అలవాటు, ఏం చేస్తాం.

దుబాయ్‌లో విమానం మారి బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు ఏథెన్స్‌లో దిగాం. బయటికి రాగానే చల్లగాలి చెవుల్లోకి దూరింది. ఏసీ తలుపు తెరిచి ఉందేమో అన్నట్టు వెనక్కి చూశాను. అక్కడి నుంచి పిరేయస్ అనే రేవుకు బస్సు, గంటంబావు. నాక్సోస్‌కు ఓడలు ఇక్కడే ఎక్కాలి.

రేవులో టికెట్ల గది ముందు నా అసలు తెలివి బయటపడింది. ఆ సాయంత్రమే ఐదున్నరకు ఒక వేగపు ఓడ ఉంది. మర్నాడు ఉదయం ఏడున్నరకు నెమ్మది ఓడ. నెమ్మది దానికి సగం ధర. ముగ్గురికీ కలిపి నలభై ఎనిమిది యూరోలు తేడా.

“ఇవాళే వెళ్ళిపోదామండి, రేపే కదా అమావాస్య” అంది సుగుణ.

“రేపు ఒంటిగంట లోపల ఆడుంటం. అమావాస్య ఐదూ ఇరవై దాకా ఉంది. నాలుగు గంటలు చేతిలుంటయి. పరేషాన్ ఎందుకు?”

రేవు వెనక సందులో చవక హోటల్లో పడుకున్నాం. గురువారం ఆరున్నరకే ఓడ ముందున్నాం. గాలి జోరుగా ఉందని తొమ్మిదింటికి గానీ అది కదల్లేదు. అయినా నాకు దిగులు లేదు. డెక్కు మీద అత్తమ్మ చీర మీద సుగుణ దుప్పటి, దాని మీద నా తువ్వాలు కప్పుకుని కూర్చుంది. మేకపిల్లంత కుక్కను ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలాయన మాకు నారింజపండ్లు ఇచ్చాడు. సముద్రం మీద మా అత్తమ్మ కళ్ళు చాలా కాలానికి అటూ ఇటూ కదిలాయి. “నీల్లు మరీ నీలంగా ఉన్నాయి. నీలిమందు ఎక్కువేసీసినట్టున్నారు” అంది. నాలుగేళ్ళలో ఆవిడ వేసిన మొదటి ఎకసెక్కం అది. సుగుణ నా చెయ్యి నొక్కింది.

దారిలో ఒక దీవి దగ్గర ఆగి బయల్దేరేసరికి ఓడ గడియారంలో ఒంటిగంట. అత్తమ్మ తన చేతి గడియారం చూసుకుంది.

“మూడున్నర అయిపోనాది. ఇంకా ఎంతసేపు బాబూ?”

“మీ గడియారం సికింద్రాబాద్ టైము అత్తమ్మా. ఇక్కడ ఒంటిగంటే. రెండున్నర గంటలు ఎనక్కి మార్చుకోవాలె.”

“నాను గంటలు మార్సుకుంటే అమాస కూడా మార్సుకుంటాదేటి?”

తువ్వాలు లేకపోయినా అప్పటిదాకా అంత చలి వెయ్యలేదు నాకు. పంచాంగంలో ఐదూ ఇరవై అంటే మన ఐదూ ఇరవై. అది ఇక్కడ రెండూ యాభై. ఆకాశంలో చంద్రుడు ఒక్కడే. పావలా తేడా పసిగట్టే బుర్రకు ఈ రెండున్నర గంటలు తట్టలేదు.

సుగుణ నా మొహం చూసి అర్థం చేసుకుంది.

రెండూ నలభైకి ఓడ నాక్సోస్ రేవులో ఆగింది. దిగేవాళ్ళమంతా కింద లారీలు, కార్లు నిలిపే అంతస్తులో పోగయ్యాం. ముందు ఇనుప తలుపు దించాలి, అది ఒడ్డుకు వంతెన అవుతుంది. గొలుసులు గరగరలాడుతున్నాయి. డీజిల్ వాసన. తలుపు పైనుంచి వెడల్పాటి రిబ్బను లాంటి సముద్రపు చారిక కనిపిస్తోంది. అత్తమ్మ గడియారం చూసుకుంటూనే ఉంది. తలుపు సగం దిగింది. ఆవిడ చెయ్యి దించి, కళ్ళు మూసుకుని, ఆ చారికకు దణ్ణం పెట్టుకుంది.

“అయిపోనాదమ్మా” అంది కూతురితో.

మేము గది తీసుకున్న ఇంటావిడ మరియా, అరవై ఏళ్ళ విధవరాలు, పాత వ్యాను తెచ్చి రేవులో నిలబడింది. ముందు బీచికి పోనివ్వమన్నాను. “బీచ్? నో స్విమ్! కోల్డ్! జూన్, జూలై!” అని చేతులు తిప్పుతూనే తీసుకెళ్ళింది. మూడూ ఐదుకు ఒడ్డుకు చేరాం. పొడవాటి ఇసుక తీరం. నడిచేవాళ్ళు ఇద్దరు ముగ్గురు, కోట్లు వేసుకుని. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి గొలుసు కట్టి ఉన్నాయి. గొడుగులకు ఇంకా గుడ్డ తొడగలేదు. నదీమ్ చెప్పిన సీజన్ నా ముందు తాళం వేసి ఉంది.

అత్తమ్మ నీళ్ళకు పది అడుగుల దూరంలో ఆగింది. అక్కడే ఇసుకలో కూర్చుంది. ముట్టుకోలేదు.

“ఓడ మీద ఎంత మిగిలిందండి?” అని అడిగింది సుగుణ.

చెప్పాను. ఆమె తల్లి పక్కకు వెళ్ళి కూర్చుంది. నేను పూల నిక్కరు ఉన్న పెట్టె పట్టుకుని వాళ్ళ వెనక నిలబడ్డాను. నాలుగేళ్ళకు ఒక్కసారి దొరికిన రోజును నలభై ఎనిమిది యూరోలకు అమ్ముకున్నానని తెలిసింది.

మరియా ఇల్లు అక్కడికి నాలుగు నిమిషాల నడక. గది, వంటగట్టు, రోజుకు ముప్పై యూరోలు. అడ్వాన్సు పోను మిగిలిన డబ్బు చేతిలో పెట్టగానే ఆవిడ ఆ నోటును ముద్దు పెట్టుకుని, ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుని, గోడ మీది దేవుడి పటం ముందు పెట్టింది. మా నాయన బోణీ డబ్బు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసేది అచ్చం అలాగే.

“ఫస్ట్?” అన్నాను.

“ఫస్ట్! దిస్ ఇయర్, ఫస్ట్!” అని పొంగిపోయింది.

అంటే ఆ ఏడాదికి ఆవిడకు మేమే బోణీ. చలికాలమంతా మూసి ఉన్న ఇంటికి మొదటి అతిథులం. బోణీ బేరం పోగొట్టుకోవడానికి ఏ దుకాణదారూ ఒప్పుకోడని తెలిసినవాణ్ణి, వెంటనే మూడు ఉన్ని కంబళ్ళు, ఒక రూం హీటరు అదనంగా రాబట్టాను. సిగ్గు పడవలసిన రోజే, కానీ చలి కూడా ఉంది.

శుక్ర, శని, ఆది. ఆ మూడు రోజుల వివరాలు వెళ్ళేవాళ్ళ కోసం చెబుతాను. రేవు పక్కన చిన్న గుట్ట మీద పాత గుడి ద్వారబంధం ఒక్కటే నిలిచి ఉంది, పాలరాతిది, రెండు అంతస్తుల ఎత్తు. గుడి లేదు. సాయంత్రం ఏడున్నరకు వెళ్తే సూర్యుడు ఆ ద్వారంలోంచి దిగుతాడు. టికెట్టు లేదు. బస్సులో కొండ మీది ఊళ్ళకు వెళ్ళవచ్చు, గంట ప్రయాణం, దారంతా ఎర్రటి పూలు. శాకాహారులకు ఇబ్బంది లేదు. ఆలివ్ నూనెలో ఉడికించిన ఆకుకూరలు, పెద్ద చిక్కుడు గింజలు, బంగాళాదుంపలు, మెత్తగా మెదిపిన ఒక పప్పు. గదికి కట్టించుకొచ్చిన దాన్ని రుచి చూసి అత్తమ్మ, “పాపం, తాలింపు మర్సిపోయేరు” అని హోటలు వాణ్ణి క్షమించింది.

కానీ ఆవిడ మాతో ఎక్కడికీ రాలేదు. పొద్దున కాఫీ తాగి, మరియా ఇచ్చిన నల్ల కోటు చీర మీద తొడుక్కుని, నేను అక్కడ కొన్న మఫ్లరు తలకు చుట్టుకుని, ఇసుకలో కూర్చునేది. మధ్యాహ్నం దాకా అలాగే. అన్నం తిని మళ్ళీ వెళ్ళేది. పిలిస్తే పలికేది, అంతే. సుగుణ నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది. రాత్రి కంబళిలో, “ఇక్కడ కూడా బాల్కనీయే అయిపోయింది” అంది.

శనివారం నేను ధైర్యం చేశాను. ఆవిడ పక్కన కూర్చుని, “అత్తమ్మా, అమావాస్య పోయి పదిహేను నిమిషాలే గద అయ్యింది ఆనాడు. తప్పు నాది. దేవుడు జెర కన్సెషన్ ఇయ్యడా?” అన్నాను.

“దేవుడు మీలాగ కొట్టెట్టుకున్నాడేటి బాబూ, గీసి గీసి తగ్గించడానికి?”

తిట్టయినా సంతోషమేసింది. లేవబోతూ ఒకటి గమనించాను. గురువారం ఆవిడ కూర్చున్నచోట ఇసుక ఇంకా నొక్కుకుపోయి ఉంది. శుక్రవారం గుర్తు దానికి రెండడుగులు ముందుంది. ఇవాళ ఇంకో రెండడుగులు. ఆదివారం మళ్ళీ చూశాను. నీళ్ళకు మూడడుగులే మిగిలాయి. అక్కడి సముద్రానికి మన ఆటుపోట్లు లేవు, నీళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. ముందుకు జరుగుతున్నది ఆవిడే.

నా పుట్టుకే బజార్లో పుట్టుక. ఆ నడక నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వస్తువు కావాలి, అడగదు. పోతున్నట్టు పోతుంది, గుమ్మం దాటదు. ఆవిడ సముద్రంతో బేరమాడుతోంది. సుగుణకు చెప్పాను. ఆమె నమ్మలేదు గానీ, మర్నాడు మాతో పాటు వచ్చి కూర్చుంది.

సోమవారం మా చివరి రోజు. మంగళవారం ఉదయం ఓడ. అత్తమ్మ నీళ్ళకు అడుగు దూరంలో కూర్చుంది, కాళ్ళు ముడుచుకుని. తొమ్మిది, పది, పదకొండు. గాలి దిశ మారింది. చిన్న చిన్న అలలు వరసగా వచ్చి ఆవిడ ముందు ఆగిపోతున్నాయి. పదకొండుంబావుకు ఒక అల ఆగలేదు. ఎత్తుగా కూడా లేదు, వెడల్పుగా వచ్చి ఆవిడ పాదాల మీదుగా, ఒడిలో నిండుగా పడి, కోటు అంచులు తడిపి వెనక్కి పోయింది.

సుగుణ కేక వేసి లేచింది. అత్తమ్మ కదల్లేదు. ఒళ్ళోని నీళ్ళు చూసుకుంది.

“నానైతే ముట్టుకోలేదు.”

“లేదమ్మా” అంది సుగుణ.

“అదే ఒచ్చి ముట్టుకుంది. అల్లుడు గారూ, మీరు సూసేరు కదా?”

“చూసిన అత్తమ్మా. నేనే సాక్షి.”

“అది ముట్టుకున్నాక నాను ముట్టుకుంటే తప్పేటి?”

ఇంత సన్నటి సందులోంచి ఇంత పెద్ద బేరం లాగిన మనిషిని రెజిమెంటల్ బజార్ మొత్తంలో నేను చూడలేదు. “ఏం తప్పు లేదు” అన్నాను, దుకాణంలో రసీదు మీద ముద్ర కొట్టినంత గట్టిగా.

ఆవిడ కోటు విప్పి సుగుణకిచ్చింది. మఫ్లరు తీసింది. చీర కుచ్చెళ్ళు బిగించి నీళ్ళలోకి నాలుగడుగులు వేసింది. మోకాళ్ళ దాకా వచ్చాక ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం పక్కకు చాపింది, పట్టుకునే మనిషి అక్కడ ఉన్నట్టు. ఆ చెయ్యి గాలిలో అలా ఉండిపోయింది.

సుగుణ నా వీపు మీద చెయ్యి వేసి తోసింది. “నాన్న పట్టుకునేవారు. వెళ్ళండి.”

నాకు నీళ్ళంటే భయం. హుస్సేన్ సాగర్‌లో పడవెక్కినా కడ్డీ వదలను. ప్యాంటుతోనే దిగాను. చలి మోకాళ్ళలోంచి దంతాల దాకా కొట్టింది. వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా వైపు చూడకుండా వేళ్ళు బిగించింది.

“మూడు మునకలు” అంది.

“అత్తమ్మా, ఒకటి చాలదా? నీళ్ళు మంచు లెక్కున్నయి.”

“ఇక్కడ తగ్గింపు లేదు బాబూ. ముక్కు మూసుకోండి.”

మూడూ మునిగాం. రెండోదానికి నాకు మా నాయన కనిపించాడు, మూడోదానికి అసలేమీ కనిపించలేదు. పైకి వచ్చేసరికి ఆవిడ జుట్టంతా మొహం మీద పడి, పళ్ళు టకటకలాడుతూ నవ్వుతోంది. “ఏటి సలి! ఏటి సలి!” అని అరుస్తోంది. అలా అరుస్తూనే దోసిటితో నీళ్ళు తీసుకుని మూడుసార్లు వదిలింది, మామగారి పేరు పైకే చెప్పి. నాలుగేళ్ళుగా ఆ పేరు కూడా ఆవిడ నోట వినలేదు. ఒడ్డున కోట్లు వేసుకున్న వాళ్ళు ఆగి చప్పట్లు కొట్టారు. మరియా తువ్వాళ్ళు పట్టుకుని తిట్టుకుంటూ పరిగెత్తుకొచ్చింది. గ్రీకు తిట్లు కూడా మన తిట్లలాగే ఉన్నాయి, అర్థం కావడానికి భాష అక్కర్లేదు. సుగుణ తల్లికి కోటు కప్పి, కావలించుకుని వదల్లేదు. ఆ తర్వాత నన్ను చూసి, “తుమ్ముతారు, తల తుడుచుకోండి” అంది. గురువారం తర్వాత ఆమె నాతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు తిరుగు ఓడ. ఈసారి కూడా నెమ్మదిదే, ఇంకేదీ లేదు. రేవు కనుమరుగయ్యాక అత్తమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. మొదట మామగారి దుకాణం, తాళ్ళు కొనడానికి వచ్చే పడవల వాళ్ళు, వాళ్ళను ఆయన నవ్వించే తీరు. తర్వాత ఇల్లు. ఏ గదిలో ఎండ ఎప్పుడు పడేదో, ఏ కిటికీ వానకు ఉబ్బి మూసుకునేది కాదో. ఐదుంబావు గంటల ప్రయాణంలో ఓడ రెండు రేవుల్లో ఆగింది, ఆవిడ ఆగలేదు. నేను రెండుసార్లు కాఫీ తెచ్చాను, రెండూ చల్లారిపోయాయి.

పిరేయస్ దగ్గరికొస్తుండగా అడిగింది: “ఆ పెరట్లో బట్టలుతికే రాయి ఉంచేరో, పీకీసేరో?”

“ఏమో అమ్మా. ఎవరికి తెలుసు?” అంది సుగుణ.

“ఎల్లి సూస్తే తెల్సిపోద్ది కదేటి.”

కూరగాయల ధర అడిగినంత తేలిగ్గా అంది. సుగుణ నన్ను చూసింది. నేను సముద్రం వైపు తిరిగాను. బేరం తెగుతున్నప్పుడు మధ్యలో దూరితే చెడుతుందని నాకు తెలుసు.

బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు బేగంపేటలో దిగాం. తలుపు తెరవగానే మన ఎండ మొహం మీద కొట్టింది, ముగ్గురం హాయిగా మూలిగాం. ఇప్పుడా ఎయిర్‌పోర్టు నుంచి మనబోటి వాళ్ళకు విమానాలు లేవు. నదీమ్ ఆఫీసు కూడా లేదు. చివరిదాకా నన్ను చూస్తే, “అన్నా, జూలైల ఎప్పుడు పోతున్నరు?” అని అడిగేవాడు. నాక్సోస్ వెళ్దామనుకునే వాళ్ళకు నేనూ అదే చెబుతాను. జూన్ దాటాక వెళ్ళండి. కుర్చీలు వేసి ఉంటాయి, గొడుగులు విప్పి ఉంటాయి, నీళ్ళు వెచ్చగా ఉంటాయట. మాకు తెలీదు. మేము చూసింది సీజన్‌కు ముందరి సముద్రం, మాకు అదే సరిపోయింది.

ఆ సెలవులు అయిపోకముందే, వైశాఖ పౌర్ణమి ముందురోజు సాయంత్రం, ముగ్గురం సికింద్రాబాద్ స్టేషన్‌లో వైజాగ్ రైలెక్కాం. అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది. రైలు కదిలాక చేతులు ఒళ్ళో పెట్టుకుని, మౌలాలి దాటేదాకా వెనక్కి పోతున్న దీపాలనే చూసింది. సుగుణకు భయమేసింది.

“అమ్మా, ఆ రాయి లేకపోతే బాధపడవు కదా?”

“రాయి లేకపోతే లేదు” అంది ఆవిడ. “సముద్రం ఉంటాది కదే.”